పెరటిలో పరుచుకున్న గడ్డి పేరేమిటి?

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు గడ్డి గురించిన ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. విజయవాడ, గుంటూరు పాఠకులు రాసిన నాలుగు ఉత్తరాలు దాదాపు ఒకే గడ్డి చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాము.

ప్రశ్న: పటమటలో మా అపార్టుమెంటు వెనుక మామిడి చెట్టు కింద నాలుగేళ్ల క్రితం లాన్ వేయించాము. వేసిన మనిషి గరికే వేస్తున్నానని చెప్పి డబ్బు తీసుకున్నాడు. ఇప్పుడు అక్కడ ఉన్నది మాత్రం వెడల్పాటి ఆకులతో, నేలకు అంటుకుని దట్టంగా అల్లుకున్న వేరే గడ్డి. ఒక నర్సరీలో దీన్ని కార్పెట్ అన్నారు, ఇంకొక చోట బఫెలో అన్నారు, మూడో మనిషి మెక్సికన్ అన్నాడు. మొక్కలను గుర్తుపట్టే ఫోన్ యాప్‌కు చూపిస్తే రోజుకొక పేరు చెబుతోంది. కొంత గడ్డిని వేళ్లతో సహా తీసి, పాత పేపరు మడతల్లో ఆరబెట్టి ఉత్తరంతో పంపుతున్నాను. ఇది ఏ గడ్డి? మన దేశానిదేనా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు పంపినది ఆక్సోనోపస్ కంప్రెస్సస్ అనే గడ్డి. వెడల్పాకు కార్పెట్ గడ్డి అని వ్యవహరించేది దీన్నే. ఇది మన దేశానిది కాదు. అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాలు, వెస్టిండీస్ దీవులు దీని పుట్టిల్లు. అక్కడి నుంచి ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియాల్లోని ఉష్ణమండల ప్రాంతాలన్నిటికీ చేరి, చేరినచోటల్లా స్థిరపడింది.

మీరు అడిగినదానికి ఇంతటితో జవాబు పూర్తయినట్టే. అయినా ఆ పేరు ఎలా తేల్చామో వివరంగా చెప్పడం అవసరమనుకుంటున్నాను, ఎందుకంటే గడ్డి పేరు అడుగుతూ వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి జతగా ఉండేది నిలబడి పైనుంచి తీసిన ఒక ఫొటో మాత్రమే. అలాంటి ఫొటోలో పచ్చదనం కనిపిస్తుందే తప్ప జాతి కనిపించదు. ఒకే గడ్డి ఆకు నీడలో ఉంటే పొడవుగా, వెడల్పుగా సాగుతుంది, ఎండలో తరచుగా కత్తిరింపుకు గురైతే కురచబడుతుంది, నీళ్లు చాలకపోతే ముడుచుకుని సన్నగా కనిపిస్తుంది. మీ యాప్ రోజుకొక పేరు చెప్పిందంటే తప్పు దానిదొక్కదానిదే కాదు, దానికి దొరికిన సాక్ష్యం ఆకు ఒక్కటే. గడ్డి తన జాతిని ఆకులో కాదు, కణుపులోనూ కంకిలోనూ చూపిస్తుంది. మీరు వేళ్లు, పాకే తీగ, రెండు కంకులు విరగకుండా పంపారు కాబట్టి అరగంటలో పని తేలింది. ఇంత జాగ్రత్తగా నమూనా పంపినందుకు మీకు మనఃపూర్వకంగా కృతజ్ఞతలు.

ముందుగా తేల్చుకోవలసినది అది అసలు గడ్డేనా, లేక తుంగా అన్న సంగతి. తుంగ కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పితే మూడు పలకలు స్పష్టంగా తగులుతాయి, ఆకులు కూడా మూడు దిక్కులకు బయలుదేరతాయి. అసలైన గడ్డిలో ఆకులు రెండే వరుసల్లో, ఒకటి ఇటు ఒకటి అటుగా వస్తాయి, కణుపులు తేటగా కనిపిస్తాయి. మీ నమూనా కాడ వేళ్ల మధ్య సరిగా తిరగనే తిరగలేదు, ఎందుకంటే అది రెండు పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా ఉంది. దాన్ని కప్పుకున్న ఆకు తొడుగు కూడా వీపు దగ్గర మడతపడి, పడవ అడుగులా గీత తేలి ఉంది. కంప్రెస్సస్ అన్న లాటిన్ మాటకు నొక్కబడినది అనే అర్థం. పేరు పెట్టినవారు ఈ లక్షణాన్నే పట్టుకున్నారు.

తరువాత నేల మీద పాకిన తీగను చూశాను. ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దిగి ఉన్నాయి, కొన్నిటికి మీ పెరటి మట్టి ఇంకా అంటుకునే ఉంది. భూతద్దం కింద పెడితే కణుపు చుట్టూ తెల్లని సన్నని నూగు ఉంగరంలా కనిపించింది. ఈ నూగు చిన్న విషయంలా తోచవచ్చు గాని ఇక్కడ అది చాలా విలువైన గుర్తు, ఎందుకంటే ఇదే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల సమూహంలో, ఆక్సోనోపస్ ఫిస్సిఫోలియస్ అనే సన్నాకు కార్పెట్ గడ్డి కూడా ఉంది. దాని కణుపులు నున్నగా ఉంటాయి, ఆకులు బాగా సన్నం. మీ నమూనాలో పెద్ద ఆకు వెడల్పు సుమారు 10 మిల్లీమీటర్లు ఉంది, కొన సూదిలా సాగకుండా గుండ్రంగా మొద్దుబారి ఉంది. ఆకును కాడ నుంచి కొంచెం వెనక్కు వంచి, ఆకు, తొడుగు కలిసే చోట లోపలి వైపు చూస్తే అర మిల్లీమీటరు ఎత్తున ఒక పలుచని పొర, దాని అంచున కురచ వెంట్రుకలు కనిపిస్తాయి. ఇంటి దగ్గర 10 రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉంటే ఇవన్నీ మీరే చూడవచ్చు. స్కూలు పిల్లలున్న ఇంట్లో అలాంటి భూతద్దం ఒకటి తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం కంకి. సన్నని కాడ చివర రెండు రెమ్మలు ఒకే చోట నుంచి పంగలకర్రలా విడిపోయాయి. ఆ జంటకు కొద్దిగా కింద మూడో రెమ్మ ఒంటరిగా బయలుదేరింది. ఈ గడ్డికి సాధారణంగా రెండు మూడు రెమ్మలు ఉంటాయి, ఒక్కోసారి ఐదు వరకు కూడా రావచ్చు. ఒక్కొక్క రెమ్మ పొడవు 4 నుంచి 8 సెంటీమీటర్లు. దాని మీద గింజలను కప్పుకున్న చిరుకంకులు ఒక పక్కనే రెండు వరుసల్లో ఒత్తుకుని ఉంటాయి. ఒక్కొక్కటి రెండున్నర మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, కోలగా, కొన దేరి ఉంటుంది.

ఇక్కడ అరికెలను గుర్తుచేసుకోవాలి. అరికెల కంకిని దగ్గరగా చూసినవారికి గింజలు రెమ్మకు ఒకే పక్కన వరుసగా అతుక్కుని ఉండడం తెలిసే ఉంటుంది. అరికెలు పాస్పాలమ్ అనే ప్రజాతిలోవి. కార్పెట్ గడ్డికి దగ్గరి చుట్టరికం, పోలిక ఉన్నది ఆ ప్రజాతితోనే, అందుకే ఈ రెండిటినీ విడదీయడంలో చదువుకున్నవారు కూడా తడబడతారు. తేడా ఒక చిన్న గుర్తులో ఉంది. గింజను కాపాడే గట్టి పొట్టుకు వీపులా ఉబ్బిన ముఖం ఒకటి ఉంటుంది. అరికెల ప్రజాతిలో ఆ వీపు రెమ్మ వైపుకు తిరిగి ఉంటుంది. కార్పెట్ గడ్డిలో రెమ్మకు వ్యతిరేకంగా, అంటే బయటికి, చూసేవారి వైపుకు తిరిగి ఉంటుంది. మీ నమూనాలోని ఒక చిరుకంకిని గుండుసూదితో విడదీసి చూస్తే వీపు బయటికే ఉంది. దానితో సందేహం తీరిపోయింది.

ఇక మీకు చెప్పిన మిగతా పేర్ల సంగతి. బఫెలో అన్న పేరును నమ్ముకుంటే ఎక్కడికీ చేరలేము. అమెరికాలో ఆ పేరు అక్కడి మైదానాల్లో పుట్టిన సన్నాకు గడ్డిది. ఆస్ట్రేలియాలో అదే పేరుతో పిలిచేది స్టెనోటాఫ్రమ్ సెకండేటమ్ అనే వేరొక గడ్డిని. ఈ రెండోది మన తోటల్లోనూ ఉంది, మీ గడ్డిలాగే వెడల్పాటి మొద్దు ఆకులతో నీడను ఓర్చుకుని పెరుగుతుంది కాబట్టి పొరపాటు పడడం సహజమే. కానీ దానికి పంగలకర్ర కంకి ఉండదు. దాని కంకి ఒక్కటే, చదునుగా, బెండులా మందంగా ఉంటుంది, చిరుకంకులు ఆ బెండులో చేసిన గుంటల్లో పొదిగినట్టు కూర్చుంటాయి. మెక్సికన్ పేరుతో మన నర్సరీల్లో సాధారణంగా అమ్మేది జోయ్సియా జాతుల గడ్డి. దాని సొంత ఊరు మెక్సికో కాదు, తూర్పు ఆసియా. ఆకులు సన్నగా, బిరుసుగా, అరచేతికి గుచ్చుకుంటాయి, కంకి ఒంటి పుల్లలా నిలువుగా ఉంటుంది. మీ గడ్డి మీద చెప్పులు లేకుండా నడిస్తే మెత్తగా ఉంటుందని రాశారు, ఆ ఒక్క మాటతోనే జోయ్సియాను పక్కన పెట్టవచ్చు.

ఈ గడ్డిని శాస్త్రానికి మొదట పరిచయం చేసినది వెస్టిండీస్‌లో మొక్కలు సేకరించిన స్వీడన్ శాస్త్రవేత్త ఓలోఫ్ స్వార్ట్జ్. 1788లో ఆయన దీన్ని మిలియమ్ అనే ప్రజాతిలో చేర్చారు. 1812లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాలిసో ద బోవ్వా ఆక్సోనోపస్‌లోకి మార్చారు. స్వార్ట్జ్ ఇచ్చిన కంప్రెస్సస్ అన్న విశేషణం మాత్రం, ప్రజాతి మారినా, ఈనాటికీ వెంట వస్తోంది.

మీ చోటు దీనికి ఎందుకు ఇంతగా నచ్చింది అన్నది మీరు అడగలేదు గాని, ఉత్తరంలో మీరు రాసిన రెండు వాక్యాల్లో దానికి సమాధానం ఉంది. మామిడి చెట్టు నీడ ఒకటి, పై అంతస్తుల ఏసీల నుంచి పగలంతా బొట్టు బొట్టుగా పడే నీరు ఒకటి. కార్పెట్ గడ్డి తడి, నీడ, కొంచెం ఆమ్ల స్వభావం ఉన్న ఇసుక నేలను కోరుకుంటుంది. ఉప్పును, నీటి ఎద్దడిని ఓర్చుకోలేదు. మన ప్రాంతపు నల్లరేగడి క్షార గుణం గలది, చాలా ఇళ్లలో బోరు నీళ్లు కూడా ఉప్పదనంతో ఉంటాయి. అటువంటి నేలలో, ఎండలో వేస్తే ఈ గడ్డి ఆకులు పసుపుబారి, మే నెల వచ్చేసరికి ఎండిపోతాయి. మీరే గమనించండి, ఏసీ నీరు పడే మేర ఒత్తుగా ఉండి, గేటు వైపు ఎండలోకి పోయేకొద్దీ పలచబడి ఉంటుంది. గరిక స్వభావం దీనికి పూర్తిగా తలకిందులు. ఎండ ఎంత కాస్తే అంత బలంగా పెరుగుతుంది, చెట్టు నీడ పడగానే నీరసించి తప్పుకుంటుంది. లాన్ వేసిన మనిషి మొదట నిజంగానే గరిక వేసి ఉండవచ్చు. నీడ కింద అది నిలవక, దాని మట్టితోనో, తరువాత తెచ్చిన కుండీల మట్టితోనో వచ్చిన కార్పెట్ గడ్డి ఆ చోటును ఆక్రమించి ఉండవచ్చు.

లాన్ల గురించిన రాతల్లో దీన్ని వెచ్చని కాలపు గడ్డి అంటారు. ఈ మాట మంచు కురిసే దేశాల్లో పుట్టింది. అక్కడ చలికాలంలో పచ్చగా ఉండే గడ్డి ఒక తరగతి, వేసవిలో పచ్చగా ఉండి మొదటి మంచుకే ఎండిపోయే గడ్డి ఇంకొక తరగతి. రెండో తరగతి గడ్డి ఆకులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ముందు నాలుగు కర్బన పరమాణువులున్న ఆమ్లంగా పట్టి నిలుపుకుంటాయి. ఆ ఏర్పాటు వల్ల ఎండ వేడిలో కూడా వృథా తక్కువగా పనిచేస్తాయి. ఈ మార్గాన్ని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకు ఆకుల్లో వివరించారు. మన జొన్న, మొక్కజొన్న, గరిక కూడా ఈ దారిలోనివే. కృష్ణా డెల్టా అంతా పరుచుకున్న వరి మాత్రం కాదు. కాబట్టి విజయవాడ వేడి మీ గడ్డికి కష్టం కాదు. వేడితో పాటు నీరు లేకపోవడమే కష్టం.

ప్రశ్న: మా వీధిలో వినాయక చవితికి పత్రి అమ్మేవారు పోయినేడు గరిక అని ఇచ్చిన కట్టలో వెడల్పాటి ఆకుల గడ్డి ఉంది. మా ఇంటి ముందు కూడా అలాంటిదే పెరుగుతోంది. దాన్ని పూజకు వాడవచ్చునా? అసలు గరికను ఎలా గుర్తుపట్టాలి?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వ్రతకల్పంలోని ఇరవై ఒక్క పత్రాల్లో గజాననాయ నమః అంటూ సమర్పించేది దూర్వాయుగ్మం, అంటే గరిక పోచల జంట. దూర్వ అన్నా గరిక అన్నా సైనోడాన్ డాక్టిలాన్ అనే ఒక్క గడ్డే. మీరు వర్ణించిన వెడల్పాకు గడ్డి అది కాదు. భక్తితో ఇచ్చినది ఏదైనా చెల్లుతుందా అన్నది మీరు మీ పురోహితులను అడగవలసిన ప్రశ్న. మొక్క ఏది అన్నంతవరకే నేను చెప్పగలను.

గరికను గుర్తుపట్టడం కష్టం కాదు. ఆకు 2 నుంచి 4 మిల్లీమీటర్ల వెడల్పుతో, కొనకు పోయేకొద్దీ సన్నబడి, బూడిద ఛాయ గల ఆకుపచ్చగా ఉంటుంది. ఆకు, తొడుగు కలిసే చోట పొరకు బదులు తెల్లని వెంట్రుకల వరుస ఉంటుంది. కంకి వస్తే ఇక సందేహమే ఉండదు: కాడ చివర ఒకే బిందువు నుంచి మూడు నుంచి ఆరు సన్నని రెమ్మలు, చాచిన చేతి వేళ్లలా విచ్చుకుంటాయి. డాక్టిలాన్ అన్న మాటకు మూలం వేలు అనే అర్థం గల గ్రీకు పదమే. కార్పెట్ గడ్డి రెమ్మలు పంగలకర్ర అయితే గరిక రెమ్మలు విప్పిన అరచెయ్యి, ఈ పోలిక గుర్తుంచుకుంటే చాలు. పూజకు కోసేది కంకి రాని లేత మొలక కాబట్టి, కోసే ముందు పక్కనే ఉన్న ముదురు కాడ మీద ఎండిన కంకి దొరుకుతుందేమో చూడండి. పీకి చూస్తే ఇంకొక తేడా తెలుస్తుంది. గరికకు పైన పాకే తీగతో పాటు నేల లోపల పసుపు కొమ్ముల్లా తెల్లని గట్టి కాడలు లోతుకు దిగి ఉంటాయి. కార్పెట్ గడ్డి బలమంతా నేలపైన పాకే తీగల్లోనే ఉంటుంది.

దూర్వను స్తుతించే వేదమంత్రం దాన్ని కాండం నుంచి కాండానికి, కణుపు నుంచి కణుపుకు మొలిచేదిగా వర్ణిస్తుంది. పాకే గడ్డి బతికే తీరును అంత క్లుప్తంగా, అంత సరిగ్గా చెప్పిన మాట నాకు ఇంకెక్కడా కనిపించలేదు. ఆ మాట చెప్పినవారు గడ్డిని వంగి, చేతిలోకి తీసుకుని చూసినవారు.

ప్రశ్న: మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో ఒక పెద్దాయన, పెరట్లో ఉన్నది అమెరికా గడ్డి అని, వయ్యారిభామలా ఊరంతా పాకిపోతుందని, వెంటనే మందు కొట్టి చంపించాలని పట్టుబట్టారు. పిల్లలు దాని మీదే ఆడుకుంటున్నారు. ఆయన చెప్పినది నిజమేనా?
— ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: మీ పెరటిలోది మొదటి ఉత్తరంలోని కార్పెట్ గడ్డే అయితే, అమెరికా గడ్డి అన్నది నిజమే. వయ్యారిభామలాంటిది అన్నది మాత్రం నిజం కాదు. బయటి నుంచి వచ్చిన ప్రతి మొక్కా శత్రువు అయితే గుంటూరు మిరపకాయను కూడా వదులుకోవలసి వస్తుంది, దాని పుట్టిల్లు కూడా అమెరికాయే. ఒక మొక్క బయటి నుంచి రావడం ఒక సంగతి, వచ్చినచోట మనిషి సాయం లేకుండా నిలదొక్కుకోవడం రెండో సంగతి, నిలదొక్కుకుని అక్కడి మొక్కలను, నీటిని, మనుషులను దెబ్బతీయడం మూడో సంగతి. వయ్యారిభామ ఈ మూడో మెట్టు ఎక్కింది. దాని పుప్పొడి, ఆకు తగిలితే చాలామందికి దద్దుర్లు, ఉబ్బసం వస్తాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క మన ఊరి కాలువలకు ఏం చేసిందో బందరు కాలువ వంతెన మీద నిలబడిన ఎవరికైనా తెలుసు. కార్పెట్ గడ్డి విజయవాడ లాంటి ఎండ ఊళ్లో తడి, నీడ దాటి పోలేదు. ఎడతెగని వానలు పడే దీవుల్లో, తేమ అడవుల అంచుల్లో అది స్థానిక మొక్కలను అణచివేసే గడ్డిగా లెక్కకు వస్తుంది, ఆ మాట కూడా చెప్పడం న్యాయం. మీ పెరటిలో మాత్రం దానికి అంత అవకాశం లేదు.

ఈ సంగతిని ఇంకొక వైపు నుంచి కూడా చూడాలి. మనం నెత్తిన పెట్టుకునే గరిక అమెరికాకు బయటి నుంచి వెళ్లిన గడ్డి. అక్కడ దానికి బెర్ముడా గడ్డి అని పేరు, ఆటస్థలాల్లో ఎంతో ఇష్టంగా పెంచుతారు, పొలాల్లో కలుపుగా తిట్టుకుంటారు. అంత దూరం ఎందుకు, మన పత్తి చేలల్లో గరిక కొమ్ములు తవ్వి తవ్వి విసిగిన రైతును అడిగితే అదే మాట చెబుతాడు.

కాబట్టి నా సలహా స్పష్టమైనది: పిల్లలు ఆడుకునే చోట కలుపు మందు కొట్టించవద్దు. చెట్టు నీడలో ఇంకే గడ్డీ నిలవని చోట ఇది నేలను కప్పి ఉంచుతోంది, వానకు మట్టి కొట్టుకుపోకుండా ఆపుతోంది. మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తూ, కంకులు విత్తనం పట్టక ముందే తీసేస్తూ ఉంటే హద్దులో ఉంటుంది. సంఘంలో అందరూ తీసేయాలనే నిర్ణయిస్తే అది కూడా మందు లేకుండా జరిగే పనే. నేలను ముందురోజు బాగా తడిపి, పారతో రెండు మూడు అంగుళాల మందాన చాపలా చుట్టుకుంటూ లేపితే దాదాపు అంతా వచ్చేస్తుంది. గరికలా లోతున దాక్కునే కొమ్ములు దీనికి లేవు. మిగిలిన ముక్కలు చిగురిస్తాయి కాబట్టి తరువాతి వాన కాలమంతా పదిహేను రోజులకొకసారి చూసి ఏరాలి.

ఒక్క విషయంలో మాత్రం మీ పెద్దాయన భయంలో అర్థం ఉంది. తీసిన గడ్డిని చెత్తబండి రాలేదని కాలువ గట్టు మీదో, కొండ వాలులోనో పారబోయకూడదు. ఒక్క కణుపు ఉన్న ముక్క కూడా తడి మట్టి తగిలితే వేళ్లు వేస్తుంది. సిమెంటు నేల మీద నాలుగు రోజులు ఎండలో పరిచి, కరకరలాడే దాకా ఎండిన తరువాత ఎరువు గుంటలో వేయండి. దగ్గరలో ఆవులు, గేదెలు ఉన్నవారికి పచ్చిగానే ఇవ్వవచ్చు, అవి తింటాయి. అయితే ఆ పెరటిలో ఎప్పుడైనా మందు కొట్టి ఉంటే ఇవ్వకండి.

ప్రశ్న: గుంటూరు శివార్లలో మా అరటి తోట గట్ల మీద పాకే గడ్డి ఒకటి కనిపిస్తోంది. కంకి మీరు ఒక సంచికలో చెప్పినట్టు రెండుగా చీలి ఉంటుంది. సాయంత్రం నడిచి వచ్చేసరికి దాని గింజలు పంచె అంచుకు అంటుకుని ఉంటాయి. అదీ కార్పెట్ గడ్డేనా?
— ఒక రైతు, గుంటూరు

జవాబు: పంచెకు అంటుకుంటున్నాయంటే కార్పెట్ గడ్డి అయ్యే అవకాశం తక్కువ. మీరు చూసినది పాస్పాలమ్ కాంజుగేటమ్ కావచ్చు. అరికెలకు దాయాది, పుట్టినది మాత్రం అమెరికా ఉష్ణమండలంలో. దాని కంకికి దాదాపు ఎప్పుడూ రెండే రెమ్మలు ఉంటాయి, కార్పెట్ గడ్డి రెమ్మల కంటే పొడవుగా, 6 నుంచి 12 సెంటీమీటర్ల దాకా సాగి, టీ అక్షరంలా అడ్డంగా వాలిపోతాయి. చిరుకంకులు కోలగా కాక దాదాపు గుండ్రంగా, రెండు మిల్లీమీటర్ల లోపు, లేత పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటాయి. వాటి అంచు చుట్టూ పట్టులాంటి పొడవాటి నూగు ఉంటుంది. మీ పంచెను, పశువుల బొచ్చును పట్టుకుని ప్రయాణం చేసేది ఆ నూగు సాయంతోనే.

ఈసారి పంచెకు అంటిన గింజల్లో ఒకదాన్ని నల్లని గుడ్డ మీద పెట్టి భూతద్దంతో చూడండి. అంచున నూగు కనిపిస్తే నేను చెప్పిన పేరు ఖాయం. నూగు లేకుండా, గింజ కోలగా, మూడు మిల్లీమీటర్ల వరకు ఉండి, ఆకు సన్నగా ఉంటే అది నీటి వారన పెరిగే పాస్పాలమ్ డిస్టికమ్ కావచ్చు. వరి మళ్లలో, కాలువ ఒడ్డున పంగలకర్ర కంకితో కనిపించే గడ్డి చాలావరకు అదే. ఏది తేలకపోయినా, రెండు కంకులు, ఒక పాకే తీగ వేళ్లతో సహా పేపరులో ఆరబెట్టి, తడి నేలలో దొరికిందా, ఎండలోనా, నీడలోనా అన్నది ఒక చీటీ మీద రాసి పంపండి.